జీవిత బీమా సొమ్ము – నామినీ, వారసుడు: ఒక న్యాయవివాద చరిత్ర

వ్యాససంగ్రహం: జీవిత బీమా చేసిన వ్యక్తి మరణించినప్పుడు బీమా సొమ్ము నామినీకి చెందుతుందా, వారసులందరికీ చెందుతుందా అన్న ప్రశ్న భారతదేశంలో దాదాపు ఎనిమిది దశాబ్దాలుగా న్యాయస్థానాల ముందు నిలిచి ఉంది. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం, 1938 బీమా చట్టం, 1983 నాటి సుప్రీంకోర్టు తీర్పు, 2004 నాటి లా కమిషన్ నివేదిక, 2015 సవరణ చట్టం – ఈ అయిదు మజిలీల మీదుగా ఈ వివాదం నడచిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చట్టభాషలోని ఒక పదాన్ని ఎట్లా అర్థం చేసుకోవాలన్న సమస్యే ఈ వివాదానికి మూలమని, ఆ పదం తెలుగులోకి వచ్చినప్పుడు సమస్య మరింత జటిలమయిందని నిరూపించడం దీని లక్ష్యం.

కీలక పదాలు: జీవిత బీమా, నామినీ, వారసత్వం, దాయం, వివాహిత స్త్రీల ఆస్తి చట్టం, సెక్షన్ 39, చట్టపరిభాష.

1. ఉపోద్ఘాతం

డిగ్రీ విద్యార్థులకు పరిభాషా పదాల పాఠం చెప్పే సందర్భంలో 'నామినీ' అన్న మాటకు సమానమైన తెలుగు పదం అడిగాను. తరగతిలో సగానికి పైగా 'వారసుడు' అని రాశారు. అది పొరపాటని చెప్పినప్పుడు ఒక విద్యార్థిని లేచి, "మరి మా నాన్న పాలసీలో అమ్మ పేరు ఎందుకు రాశారండీ?" అని అడిగింది. ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు సూటిగా జవాబు చెప్పలేకపోయాను. జవాబు కోసం వెదికితే తెలిసిందేమంటే, దేశంలోని హైకోర్టులు కూడ ఈ ఒక్క ప్రశ్న మీద చాలాకాలం ఏకాభిప్రాయానికి రాలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు చెప్పదలచిన జవాబు.

పాలసీ దరఖాస్తులో నామినీ పేరు రాసే గడి చాలా చిన్నది. ఏజెంటు అడుగుతాడు, దరఖాస్తుదారు ఒక పేరు చెబుతాడు, అంతటితో ఆ సంగతి ముగుస్తుంది. ఆ పేరు రాసిన మనిషి తన తదనంతరం సొమ్ము ఎవరికి దక్కాలో నిర్ణయించేశానని భావిస్తాడు. పేరున్న మనిషి కూడ అట్లాగే భావిస్తుంది. పేరు లేని తల్లి, పేరు లేని భార్య, పేరు లేని కొడుకు మాత్రం మరణానంతరం మరొక విధంగా ఆలోచిస్తారు. ఈ రెండు భావనల మధ్య ఉన్న అగాధమే ఇక్కడి చర్చనీయాంశం.

2. మాటల వెనుక భావనలు

వారసత్వాన్ని సూచించడానికి తెలుగులో వేర్వేరు కాలాల మాటలు పక్కపక్కనే ఉన్నాయి. 'దాయం', 'దాయాది' అన్నవి సంస్కృత ధర్మశాస్త్రాల నుంచి వచ్చినవి. 'వారసుడు' అన్నది అరబ్బీ మూలమైన 'వారిస్' నుంచి పాలనావ్యవహారం ద్వారా స్థిరపడినది. 'బీమా' కూడ పారసీక, ఉర్దూ భాషల మీదుగా వచ్చినదే. దానిని 'భీమా' అని ఒత్తి రాయడం భీముని పేరుతో కలిగిన భ్రమ వల్ల ఏర్పడిన లేఖనదోషం. 'నామినీ' మాత్రం ఇంగ్లీషు నుంచి నేరుగా వచ్చి, అనువాదం పొందకుండానే నిలిచిపోయింది.

యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర వ్యాఖ్య దాయాన్ని నిర్వచిస్తూ, యజమానితో గల సంబంధం అన్న ఒక్క కారణం చేతనే మరొకరికి స్వమయ్యే ధనం దాయమని చెబుతుంది. ఈ మితాక్షరను ఆధారం చేసుకొని 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయాన్ని తెలుగులో రచించాడు. కాబట్టి దాయభావన తెలుగు సాహిత్యానికి కొత్తది కాదు. ఈ నిర్వచనంలో ముఖ్యమైన మాట 'సంబంధం'. దాయాన్ని నిర్ణయించేది రక్తసంబంధం, వివాహసంబంధం; యజమాని ఇష్టాయిష్టాలు కావు.

నామినేషన్ ఇందుకు భిన్నమైన భావన. పేరు చెప్పడం, పేరు పెట్టి నియమించడం దాని మూలార్థం. ఇక్కడ నిర్ణాయకం సంబంధం కాదు, నామం. ఒకటి పుట్టుకతోను పెళ్లితోను ఏర్పడుతుంది, రెండవది ఒక సంతకంతో ఏర్పడుతుంది, మరొక సంతకంతో రద్దవుతుంది. ఈ రెండు భావనలు ఒకే సొమ్ము మీద కలుసుకున్నప్పుడు వివాదం రావడం సహజం.

3. 1938కి పూర్వం

భారతదేశంలో ఆధునిక జీవిత బీమా 1818లో కలకత్తాలో ఓరియంటల్ లైఫ్ ఇన్సూరెన్స్ కంపెనీతో ఆరంభమయింది. 1829లో మద్రాసు ఈక్విటబుల్ వెలసింది. తొలిరోజుల కంపెనీలు ప్రధానంగా ఇక్కడి ఐరోపావారి కోసం పనిచేశాయి. 1870లో ఏర్పడిన బొంబాయి మ్యూచువల్ భారతీయుల జీవితాలకు కూడ సాధారణ రుసుముతోనే బీమా కల్పించింది. నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానంలో 1907లో ప్రభుత్వోద్యోగుల కోసం కుటుంబ పింఛను నిధి మొదలై, క్రమంగా బీమా పథకంగా మారింది. ఆంధ్రలో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో 1923లో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్ర ఇన్సూరెన్స్ కంపెనీని స్థాపించారు. ఈ విధంగా తెలుగు మధ్యతరగతి ఇళ్లలోకి, ముఖ్యంగా జీతగాళ్ల ఇళ్లలోకి, బీమా పత్రం ప్రవేశించింది.

భూమి, బంగారం, ఇల్లు అనే మూడు రకాల ఆస్తినే ఎరిగిన కుటుంబానికి ఇది నాలుగవ రకం ఆస్తి. దీని ప్రత్యేకత ఏమంటే, యజమాని బ్రతికి ఉన్నంతకాలం ఇది పూర్తిగా చేతికి రాదు, అతడు పోయిన మరునాడు పూర్తి మొత్తంగా మారుతుంది. మరి ఈ మొత్తం ఎవరిది?

ఈ ప్రశ్నకు మొదటి శాసనపరమైన సమాధానం 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టంలోని 6వ సెక్షన్. వివాహితుడైన పురుషుడు తన ప్రాణం మీద పాలసీ తీసుకొని, అది భార్యాపిల్లల ప్రయోజనం కోసమని పాలసీ మీదనే వ్యక్తం చేస్తే, ఆ సొమ్ము వారి కోసం ఏర్పడిన ధర్మకర్తృత్వ నిధి అవుతుంది. అది భర్త ఆస్తిలో భాగం కాదు. అతని ఋణదాతలు కూడ దానిని ముట్టుకోలేరు. అయితే ఈ సెక్షన్ హిందువులకు వర్తిస్తుందా అన్న సందేహం వచ్చింది. మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి బాలాంబ వర్సెస్ కృష్ణయ్య వ్యాజ్యంలో వర్తిస్తుందని తేల్చింది. 1914 నాటి మద్రాసు తీర్పుల సంపుటిలో అచ్చయిన ఈ తీర్పు ఫలితంగానే 1923 సవరణలో ఒక విశేషం చోటు చేసుకుంది. హిందూ, ముస్లిం, సిక్కు, జైనులు తీసుకొన్న పాలసీలకు ఈ సెక్షన్ దేశమంతటా 1923 ఏప్రిల్ 1 తరువాత వర్తిస్తుందని చెబుతూ, మద్రాసులో మాత్రం 1913 డిసెంబరు 31 తరువాతి నుంచే వర్తిస్తుందని శాసనకర్తలు రాశారు. ఈ విషయంలో మద్రాసు రాజధానిలోని గృహిణికి తక్కిన ప్రాంతాల స్త్రీల కన్న సుమారు పదేళ్ల ముందుగా రక్షణ దొరికింది. నాటి తెలుగు జిల్లాలలో అధికభాగం ఆ రాజధానిలోనివే.

ఆ రక్షణ విలువ తెలియాలంటే ఆనాటి వారసత్వ స్థితిని గుర్తుచేసుకోవాలి. కొడుకున్న ఇంట్లో హిందూ వితంతువుకు భర్త స్వార్జితంలో వారసత్వపు వాటా లేదు, మనోవర్తి మాత్రమే. 1937 నాటి హిందూ స్త్రీల ఆస్తిహక్కు చట్టం వచ్చిన తరువాతనే ఆమెకు కొడుకుతో సమానమైన వాటా దక్కింది. అదీ జీవితకాలపు పరిమిత హక్కుగానే. అటువంటి కాలంలో పాలసీ మీద భార్యాపిల్లల ప్రయోజనార్థమని రాయించిన ఒక్క వాక్యం ఆమె బ్రతుకుకు ఆధారమయ్యేది. ఆ వాక్యం లేని పాలసీల విషయంలో కంపెనీలు వారసత్వ ధ్రువపత్రం తెమ్మనేవి. 1889 నాటి చట్టం కింద, తరువాత 1925 నాటి భారత వారసత్వ చట్టం కింద న్యాయస్థానం ఇచ్చే ఆ పత్రం కోసం రుసుము కట్టాలి, నెలల తరబడి తిరగాలి.

4. ముప్పైతొమ్మిదవ సెక్షన్: చెల్లింపా, చెందడమా?

1938 నాటి బీమా చట్టం ఈ తిరుగుడును తగ్గించడానికి 39వ సెక్షన్‌ను చేర్చింది. తన ప్రాణం మీద పాలసీ ఉన్న వ్యక్తి తన మరణానంతరం సొమ్ము ఎవరికి చెల్లించాలో పేరు చెప్పవచ్చు. ఆ పేరును మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. పాలసీని మరొకరికి బదలాయిస్తే నామినేషన్ దానంతట అదే రద్దవుతుంది. పాలసీదారు మరణించేనాటికి నామినీ జీవించి ఉంటే సొమ్ము ఆ నామినీకి 'చెల్లించదగినది' అవుతుంది.

వివాదమంతా ఈ 'చెల్లించదగినది' అన్న పదంలో ఉంది. తెలుగులో 'చెల్లించుట', 'చెందుట' అన్న క్రియలు రెండూ ధనవ్యవహారంలో నిత్యం వినపడేవే. కాని వాటి అర్థాలు వేరు. అంగడివాడు కుర్రవాని చేతికి డబ్బు చెల్లించినా అది యజమానికే చెందుతుంది. శాసనం చెప్పింది చెల్లింపును గురించే. చెందడాన్ని గురించి మౌనం వహించింది. ఆ మౌనాన్ని న్యాయస్థానాలు రెండు విధాలుగా చదివాయి.

మొదటి పఠనం ప్రకారం నామినీ కేవలం స్వీకర్త. అతనికి సొమ్ము ఇస్తే కంపెనీ బాధ్యత తీరుతుంది. ఆ తరువాత ఆ సొమ్ము వారసత్వ ధర్మం ప్రకారం పంచవలసిందే. మద్రాసు, కలకత్తా, అలహాబాదు హైకోర్టులు ఈ మార్గంలో నడిచాయి. 1957 నాటి ఆలిండియా రిపోర్టరు సంపుటిలో ఆంధ్రప్రదేశ్ విభాగాన అచ్చయిన బ్రహ్మమ్మ వర్సెస్ వెంకటరమణరావు తీర్పు కూడ ఈ వరుసలోనిదే. రెండవ పఠనం ప్రకారం శాసనం ప్రత్యేకంగా నామినీని సృష్టించింది కాబట్టి సొమ్ము మీద పూర్తి హక్కు నామినీదే. ఢిల్లీ హైకోర్టు 1978లోను, 1982లోను ఈ అభిప్రాయాన్ని ప్రకటించింది.

ఈ మధ్యకాలంలో రెండు పెద్ద మార్పులు జరిగాయి. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చి భార్య, తల్లి, కొడుకులు, కూతుళ్లను ఒకే శ్రేణిలో సమాన వారసులను చేసింది. అదే సంవత్సరం సెప్టెంబరు 1న 245 బీమా సంస్థల, భవిష్యనిధి సంఘాల వ్యాపారాన్ని కలుపుకొని జీవిత బీమా సంస్థ ఏర్పడింది. ఒకవైపు వారసుల సంఖ్య పెరిగింది, మరొకవైపు పాలసీలు పల్లెలకు చేరాయి. నామినీ పేరు ఒక్కటే, వారసులు పలువురు. వ్యాజ్యాలకు ఇది అనువైన భూమిక.

5. 1983 తీర్పు

ఢిల్లీకి సంబంధించిన ఒక కుటుంబంలో 1967 జూన్ 15న ఒక వ్యక్తి వీలునామా రాయకుండా మరణించాడు. అతనికి తల్లి, భార్య, కొడుకు ఉన్నారు. పదివేల రూపాయల చొప్పున రెండు పాలసీలున్నాయి. రెండింటిలోను నామినీ భార్య. భార్య సొమ్మంతా తనదేనన్నది. తల్లి, మనుమడు తమకు కూడ వాటాలున్నాయని దావా వేశారు. ఢిల్లీలోని న్యాయస్థానాలు భార్య పక్షం వహించాయి. సర్బతీ దేవి వర్సెస్ ఉషా దేవి పేరుతో ఈ వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. 1983 డిసెంబరు 6న జస్టిస్ ఇ. ఎస్. వెంకటరామయ్య తీర్పు వెలువరించారు.

ఆ తీర్పులోని తర్కాన్ని సంగ్రహంగా ఇట్లా చెప్పుకోవచ్చు. పాలసీదారు బ్రతికి ఉండగా నామినీకి పాలసీ మీద ఏ హక్కూ లేదు. గడువు తీరేదాకా అతడు జీవించి ఉంటే సొమ్ము అతనికే వస్తుంది. అతడు ఎప్పుడంటే అప్పుడు పేరు మార్చగలడు. అంటే చివరి క్షణం దాకా అది అతని ఆస్తియే. అతని ఆస్తి అతని మరణంతో వారసులకు వెళ్లాలి, లేదా వీలునామా ప్రకారం వెళ్లాలి. నామినేషన్ అన్నది మూడవ రకపు వారసత్వ మార్గమని శాసనం ఎక్కడా చెప్పలేదు. వీలునామాకు సాక్షుల సంతకాల వంటి కట్టుదిట్టాలుండగా, దరఖాస్తులోని ఒక గడికి అంతటి శక్తి ఉందనడం కుదరదు. కాబట్టి నామినీ సొమ్మును అందుకొనే చేయి మాత్రమే. చివరకు తల్లికి, భార్యకు, కొడుకుకు తలా మూడవ వంతు దక్కింది. ఢిల్లీ హైకోర్టు తీర్పులు చెల్లవని తేలింది.

తర్కపరంగా ఈ తీర్పు దృఢమైనది. అయినా దీనిలో ఒక విషాదం ఉంది. భర్త చనిపోయిన భార్య ఒక పక్క, కొడుకు పోయిన తల్లి ఒక పక్క నిలబడి, పదహారేళ్లు గడిచిన తరువాత ఇరవైవేల రూపాయల మీద తుది మాట విన్నారు. ఇద్దరిలో ఎవరూ మోసగత్తెలు కారు. ఒకరు పత్రంలోని పేరును నమ్మారు, మరొకరు పేగుబంధాన్ని నమ్మారు. ఎవరి నమ్మకం నిజమో చెప్పగలిగిన వ్యక్తి సంతకం చేసిననాడు ఒక్క వాక్యం ఎక్కువ రాయలేదు. రాయడానికి ఆ దరఖాస్తులో చోటు కూడ లేదు.

6. ఒకే కుటుంబం, మూడు ధర్మాలు

1983 తీర్పు నామినీని స్వీకర్తగా నిర్ణయించడంతో ఆ తరువాతి పంపకం మృతుని వ్యక్తిగత ధర్మాన్ని బట్టి మారుతుంది. ఈ భేదాన్ని ఒక ఊహాత్మక ఉదాహరణతో పరిశీలిద్దాం. ఒక వ్యక్తి 24 లక్షల రూపాయల పాలసీలో భార్యను నామినీగా రాసి, వీలునామా లేకుండా మరణించాడు. తల్లి, భార్య, ఒక కొడుకు ఉన్నారు, తండ్రి లేడు.

అతడు హిందువైతే ముగ్గురికీ ఎనిమిదేసి లక్షలు. భారత వారసత్వ చట్టం వర్తించే క్రైస్తవుడైతే భార్యకు మూడవ వంతు, అంటే ఎనిమిది లక్షలు. కొడుకుకు పదహారు లక్షలు. సంతానం ఉన్నందువల్ల తల్లికి ఏమీ రాదు. సున్నీ ముస్లిం ధర్మం ప్రకారం తల్లికి ఆరవ వంతు, అంటే నాలుగు లక్షలు. భార్యకు ఎనిమిదవ వంతు, అంటే మూడు లక్షలు. మిగిలిన పదిహేడు లక్షలు కొడుకుకు. ఒకే దరఖాస్తు, ఒకే గడి, ఒకే పేరు. ఆ పేరుగల స్త్రీకి చివరకు మిగిలేది ఎనిమిది లక్షలా, మూడు లక్షలా అన్నది ఆ పత్రంలో ఎక్కడా కనిపించదు.

హిందువుల విషయంలో మరొక సంగతి గమనించాలి. 1956 చట్టం తల్లిని మొదటి శ్రేణిలో, తండ్రిని రెండవ శ్రేణిలో ఉంచింది. మొదటి శ్రేణిలో ఒక్కరున్నా రెండవ శ్రేణికి ఏమీ రాదు. పెళ్లి కాకముందు తండ్రిని నామినీగా రాసి, పెళ్లయిన తరువాత మార్చకుండా మరణించిన కొడుకు ఇంట్లో, తండ్రి సొమ్ము అందుకొని మొత్తం కోడలికి, భార్యకు, మనుమలకు అప్పగించవలసి వచ్చేది. చేతికి వచ్చిన సొమ్ములో ఆయనకు ఒక్క రూపాయి హక్కు లేదు.

7. లా కమిషన్ ప్రతిపాదన, 2015 సవరణ

బీమా రంగంలోకి ప్రైవేటు సంస్థలు ప్రవేశించిన తరువాత 1938 చట్టాన్ని సమగ్రంగా సవరించే పని లా కమిషన్ ముందుకు వచ్చింది. జస్టిస్ ఎం. జగన్నాథరావు అధ్యక్షతన కమిషన్ 2004 జూన్‌లో 190వ నివేదికను సమర్పించింది. నామినీలను రెండు రకాలుగా విభజించాలన్నది అందులోని ఒక ముఖ్య సూచన. సొమ్మును తానే అనుభవించే నామినీ ఒక రకం. వారసుల తరఫున వసూలు చేసి అప్పగించే నామినీ రెండవ రకం. మొదటివానిని లబ్ధిదారు నామినీ అని, రెండవవానిని స్వీకర్త నామినీ అని తెలుగులో చెప్పుకోవచ్చు. చెందడం, చెల్లింపు అన్న మన రెండు క్రియల భేదమే ఇక్కడ శాసనభాషగా రూపొందిందని గమనించాలి.

2015 నాటి బీమా చట్టాల సవరణ ఈ ఆలోచనను ఒక విధంగా స్వీకరించింది. పాలసీదారు తన తల్లిదండ్రులను, భార్యను లేదా భర్తను, పిల్లలను, వీరిలో ఎవరినైనా నామినీగా పేర్కొంటే, ఆ నామినీకి సొమ్ము మీద లబ్ధిపూర్వకమైన హక్కు ఉంటుందని 39వ సెక్షన్‌లోని ఏడవ ఉపసెక్షన్ చెబుతుంది. పాలసీదారుకు పాలసీ మీద ఉన్న హక్కు స్వభావాన్ని బట్టి అతడు అటువంటి హక్కును ఇవ్వలేడని రుజువైతే తప్ప ఇది వర్తిస్తుంది. అటువంటి నామినీ పాలసీదారు తరువాత, సొమ్ము అందకముందే మరణిస్తే అది నామినీ వారసులకే పోతుంది. సవరణ అమలులోకి వచ్చిన తరువాత చెల్లింపునకు వచ్చే పాలసీలన్నింటికీ ఈ నియమాలు వర్తిస్తాయి. సోదరుడు, సోదరి, మేనల్లుడు, స్నేహితుడు వంటి ఇతర నామినీలు మాత్రం మునుపటివలె స్వీకర్తలుగానే మిగిలారు. వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకొన్న పాలసీలను ఈ సెక్షన్ పరిధి నుంచి తప్పించారు.

లా కమిషన్ సూచనకు, శాసనానికి మధ్య ఒక సూక్ష్మభేదం కనిపిస్తుంది. నామినీ ఏ రకమో పాలసీదారు చేతనే చెప్పించడం ద్వారా అతని సంకల్పం స్పష్టమవుతుంది. శాసనం మాత్రం ఆ సంకల్పాన్ని బంధుత్వాన్ని బట్టి ఊహించింది. భార్య పేరు రాసినవాడు ఆమెకే ఇవ్వదలచాడని అనుకోవడం చాలా సందర్భాలలో నిజమే. కాని ఇరవై రెండేళ్ల వయస్సులో తల్లి పేరు రాసి, ముప్పై ఏళ్ల వయస్సులో భార్యను, బిడ్డను వదలి మరణించినవాడు ఏమి తలచాడు?

8. సవరణానంతర స్థితి

ఈ ప్రశ్న ఊహాజనితం కాదు. 2009లో శిప్రా సేన్‌గుప్తా వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కథ ఇదే. ఒక బ్యాంకు ఉద్యోగి వివాహానికి ముందు భవిష్యనిధి తదితర మొత్తాలకు తల్లిని నామినీగా రాశాడు. వివాహానంతరం మార్చలేదు. అతని మరణం తరువాత భార్య, తల్లి న్యాయస్థానం మెట్లెక్కారు. 1983 తీర్పును అనుసరించి, నామినీకి అందిన సొమ్ము మృతుని ఆస్తిలో భాగమై వారసులందరికీ చెందుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. ఉద్యోగుల భవిష్యనిధి పథకంలో, కుటుంబం లేనప్పుడు చేసిన నామినేషన్ తరువాత కుటుంబం ఏర్పడితే చెల్లదన్న నియమం ఉంది. బీమా చట్టంలో అటువంటి నియమం లేదు. పాత పేరు మార్చేదాకా అట్లాగే ఉంటుంది.

2025 మార్చిలో కర్ణాటక హైకోర్టు ధార్వాడ ధర్మాసనం ఎదుట దాదాపు అదే కథ జీవిత బీమా విషయంలో మళ్లీ వినిపించింది. పెళ్లికి ముందు తల్లి నామినీ, పెళ్లయింది, కొడుకు పుట్టాడు, పేరు మారలేదు, మరణం 2015 సవరణకు తరువాత సంభవించింది. తల్లి ఏడవ ఉపసెక్షన్‌ను చూపి సొమ్మంతా తనదన్నది. వారసులు తమ హక్కును కోరినప్పుడు నామినీ హక్కు వ్యక్తిగత వారసత్వ ధర్మానికి లోబడవలసిందేనని, సవరణ ఉద్దేశం సమాంతరమైన మరొక వారసత్వ విధానాన్ని నెలకొల్పడం కాదని ఆ న్యాయస్థానం అభిప్రాయపడింది. తల్లికి, భార్యకు, బిడ్డకు తలా మూడవ వంతు ఇచ్చిన కింది కోర్టు తీర్పు నిలిచింది.

అంతకు ముందు 2023 డిసెంబరు 14న సుప్రీంకోర్టు కంపెనీ వాటాల నామినేషన్ విషయంలో ఇటువంటి తీర్పే చెప్పింది. శక్తి యెజ్దానీ వ్యాజ్యంగా ప్రసిద్ధమైన అందులో, కంపెనీల చట్టం కింద నామినీకి యాజమాన్యం రాదని, వారసుల హక్కు చెక్కుచెదరదని ధర్మాసనం నిర్ణయించింది. అయితే కంపెనీల చట్టం నామినీకి లబ్ధి ఉంటుందని అనలేదు. 2015 బీమా సవరణ ఆ మాటను స్పష్టంగా అన్నది. 'లబ్ధిపూర్వకమైన హక్కు' అని శాసనమే పలికిన తరువాత దానిని మళ్లీ స్వీకర్త స్థాయికి తగ్గించవచ్చునా అన్నది కర్ణాటక తీర్పు మీద సహజంగా వచ్చే ప్రశ్న. మరొకవైపు, పెళ్లికి ముందరి ఒక సంతకం వల్ల పసిబిడ్డకు తండ్రి సొమ్ములో చిల్లిగవ్వ దక్కకుండా పోవడం న్యాయమా అన్నది అంతే సహజమైన ఎదురుప్రశ్న. 1983లో తీరిందనుకొన్న వివాదం ఈ విధంగా కొత్త పదంతో తిరిగి మొదలయింది. నాడు 'చెల్లించదగినది' అన్న పదం మీద, నేడు 'లబ్ధి' అన్న పదం మీద.

వాదులు ఇరువురూ గట్టిగా నిలిచినప్పుడు బీమా సంస్థకు 47వ సెక్షన్ ఒక మార్గం చూపుతుంది. పరస్పర విరుద్ధమైన హక్కులు వినిపించినప్పుడు సొమ్మును న్యాయస్థానంలో జమ చేసి సంస్థ తప్పుకోవచ్చు. సంస్థ బాధ్యత అక్కడితో తీరుతుంది. కుటుంబం బాధ మాత్రం అక్కడే మొదలవుతుంది.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. బీమా సొమ్ము మీద నామినీ, వారసుల వివాదం రెండు భావనల సంఘర్షణ. దాయం సంబంధాన్ని బట్టి, నామినేషన్ నామాన్ని బట్టి ఏర్పడతాయి.

2. 1874 చట్టం, దానిని హిందువులకు వర్తింపజేసిన మద్రాసు తీర్పు భార్యాపిల్లలకు స్పష్టమైన రక్షణ కల్పించాయి. అది నేటికీ అమలులో ఉన్నది. పాలసీ తీసుకొనే సమయంలోనే దానిని కోరవలసి ఉంటుంది.

3. 1938 చట్టం చెల్లింపును చెప్పి చెందడాన్ని చెప్పలేదు. 1983 తీర్పు ఆ లోటును వారసుల పక్షాన పూరించింది. 2015 సవరణ దగ్గరి బంధువుల విషయంలో నామినీ పక్షాన పూరించింది.

4. సవరణ తరువాత కూడ వివాదం సమసిపోలేదని కర్ణాటక తీర్పు చూపుతున్నది. కాబట్టి నామినేషన్‌ను మాత్రమే నమ్ముకోక, దానికి అనుగుణంగా వీలునామా రాయడం, వివాహం, సంతానం వంటి ప్రతి మలుపులోను నామినీ పేరును సరిచూసుకోవడం వివేకం.

5. తెలుగు దరఖాస్తులలో 'నామినీ' అన్న పదాన్ని వివరణ లేకుండా వాడడం వల్ల జనసామాన్యం దానిని 'వారసుడు' అని గ్రహిస్తున్నది. 'లబ్ధిదారు నామినీ', 'స్వీకర్త నామినీ' అన్న విభజనను తెలుగులో అచ్చువేసి, సంతకం చేసేవారి చేత ఎన్నుకొనేటట్లు చేస్తే చాలా వ్యాజ్యాలకు అవకాశమే ఉండదు.

చట్టపరిభాషను తెలుగులోకి తేవడమంటే పదానికి పదం కూర్చడం మాత్రమే కాదు, దాని పర్యవసానాన్ని సామాన్యునికి తెలిసేటట్లు చెప్పడం. ఆ విద్యార్థిని అడిగిన ప్రశ్నకు ఇప్పుడు చెప్పగలిగిన జవాబు ఇది: మీ నాన్నగారు అమ్మ పేరు రాసింది సొమ్ము ఆమె చేతికి అందాలని. 2015 తరువాతి చట్టం అది ఆమెకే చెందాలని కూడ అంటున్నది. కాని నాయనమ్మ, నువ్వు, నీ తమ్ముడు వారసులుగా ఉన్న ఇంట్లో ఆ రెండింటి మధ్య సందేహానికి తావు లేకుండా చేయగలిగినది మీ నాన్నగారు ఒక్కరే. ఆయన ఉండగానే ఆ మాట అడిగి రాయించుకోవడం మంచిది.